తారుతో రాసిన పేర్లు

చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తినేసి, గిన్నె కడిగి గుంజ పక్కన బోర్లించేసరికి తూర్పు ఇంకా సరిగా తెల్లవారలేదు. విక్టోరమ్మ తెల్లచీర కుచ్చిళ్లు బిగించి దోపుకుంది. గుంజకు తగిలించిన గుడ్డసంచీ తీసి భుజాన వేసుకుంది. పక్కనే పడుకున్న గేదె తల తిప్పి ఒకసారి చూసి, ఈవిడ రోజూ వెళ్లే మనిషేగా అన్నట్టు మళ్లీ నెమరు వేయడంలో పడింది. ఉంగుటూరులో మేనల్లుడి ఇంటి వెనక ఆ పశువుల పాకలో సగం గేదెది, సగం విక్టోరమ్మది. వానాకాలంలో సగానికి పైగా గేదెదే.

ఆమె పుట్టిన ఏడే తాడేపల్లిగూడెం పక్క పాలెంలో ఆమె తండ్రి బాప్తిస్మం పుచ్చుకున్నాడు. పిల్లకి ఏం పేరు పెట్టమంటారని అడిగితే పాదిరీ దొరగారు ఇంకేమీ తోచక వాళ్ల రాణిగారి పేరు పెట్టారు. రాణిగారి పేరైతే వచ్చింది గాని, ఆ పేరుతో పాటు ఒక పెంకుటింటి గది కూడా రాలేదు. పాలేల జనం నోట్లో విక్టోరియా కాస్తా విక్టోరమ్మ అయింది. పొట్టి మనిషి, నల్లటి మనిషి, ఎడమకాలి బొటనవేలు లోపలికి వంగి ఉంటుంది. పదడుగులు గబగబా వేస్తే ఆయాసం వస్తుంది. అందుకని గబగబా నడవదు. కాని ఆగదు కూడా. ఇరవై ఏళ్లకు పైగా అలా ఆగకుండా నడిచి, ఉంగుటూరు నుంచి కొల్లేటి దాకా ఉన్న పాలేలన్నీ తిరిగింది. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బైబిలు చదివి వినిపించడం ఆమె ఉద్యోగం. మిషనులో ఆ ఉద్యోగానికి బైబిలు స్త్రీ అని పేరు.

దొరల రాజుగారి రజతోత్సవం జరిగిన మరుసటేడు వేసవిలో ఆ ఉద్యోగానికి కొత్త పని ఒకటి తగిలింది. పెద్దవాళ్ల కోసం రాత్రి బడి పెట్టాలని మిషనులో తలపెట్టారు. ప్రస్తుతానికి ఒక్క బడికే దీపం, పలకలు, పంతులమ్మ జీతం సర్దుబాటయ్యాయి. ఎక్కడ పెట్టాలి, ఏం చెప్పాలి అన్నది తేల్చే బాధ్యత ఏలూరులో ఉండే మేనేజరు అబ్రహాం గారిది. ఆయన మంచి మనిషి. చెన్నపట్నంలో ఏవో సభలకు వెళ్లొచ్చి, విక్టోరమ్మను కూర్చోబెట్టి చెప్పారు.

"విక్టోరమ్మగారూ, కొలత తీసుకోకుండా చొక్కా కుడితే ఎవరికీ పట్టదు. బడీ అంతే. ముందు వెళ్లి అడగండి. ఏం నేర్చుకోవాలని ఉంది, ఏ పూట తీరిక, ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది. జవాబు మనం అందించకూడదు. వాళ్ల నోటినుంచే రావాలి."

ఆ తర్వాత ఇంకో మాట అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి విక్టోరమ్మకు సరిగా నిద్ర లేదు. బడి ఎక్కడ పెడితే అక్కడ పంతులమ్మకు ఒక గది కట్టిస్తారు. ఇటుకగోడలు, తలుపు, ఆ తలుపుకు గొళ్లెం. ఇన్నేళ్లు తిరిగిన మనిషి కాబట్టి ఆ పంతులమ్మ విక్టోరమ్మే అయితే బాగుంటుందని ఆయన ఉద్దేశం.

ఆమెకు గది కావాలి. గేదె పక్కన పడుకుని పడుకుని ఒళ్లంతా పేడవాసన పట్టిందని కాదు, ముసలితనంలో కాలు చాపుకోవడానికి తనదంటూ నాలుగు గోడలు ఉంటే చాలుననిపించింది. అయితే చిక్కొకటి ఉంది. విక్టోరమ్మకు చదవడం వచ్చు, రాయడం రాదు. ఈ సంగతి అబ్రహాం గారికి తెలియదు. ఏ పాలెంలో ఏం చెప్పారో ఆమె మనసులో పెట్టుకొచ్చి చెబుతుంది. "కళ్లజోడు లేదండీ, నేను చెబుతాను, మీరు రాసుకోండి" అంటుంది. ఆయన పాపం రాసుకుంటారు.

ఇప్పటికి అయిదు పాలేలు అయ్యాయి. అయిదింట్లోనూ ఒకటే జవాబు. బైబిలు చదవడం నేర్చుకుంటామండీ అన్నారు. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చినదాన్ని బెండకాయలున్నాయా అని ఎవరడుగుతారు? చంకలో బైబిలుతో వచ్చిన మనిషి ఏం నేర్చుకుంటారని అడిగితే ఇంకేం చెబుతారు? ఈ సంగతి విక్టోరమ్మకు తట్టలేదు. ప్రభువు దయ అనుకుని సంతోషించింది. మిగిలింది కొల్లేట్లో ఉన్న చేవలంక ఒక్కటే. అది ఈవేళ చూసుకుని వస్తే, సాయంత్రం అబ్రహాం గారు ఉంగుటూరు వచ్చి ఏ ఊరన్నది తేల్చేస్తారు.

*

మురుగుకాలవ రేవులో విశ్వాసం అనే చేవలంక సంఘపెద్ద దోనె పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. రెండు తాటిమొద్దులు తొలిచి జతకట్టిన దోనె. ఆమె ఎక్కి కూర్చుని ఆయాసం తీర్చుకునేదాకా ఆగి, అప్పుడు గెడ వేశాడు. జ్యేష్ఠం కావడంతో కొల్లేరు బాగా తీసేసింది. దోనె నడిచేంత నీళ్లు మధ్య పాయలోనే ఉన్నాయి. రెండువైపులా తుంగ, బురద, ఆ బురదలో ఒంటికాలి మీద కొంగలు. ఇంకో నెల పోతే బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడి ఇదంతా సముద్రమైపోతుంది.

"మావోళ్లందరికీ చెప్పి ఉంచానండి" అన్నాడు విశ్వాసం. "బైబిలు చదూతామనే చెప్తారండి. మీరేం బెంగెట్టుకోకండి."

"నువ్వు చెప్పి ఉంచకూడదయ్యా. వాళ్లంతట వాళ్లు చెప్పాలి."

"ఆయ్. వాళ్లంతట వాళ్లే చెప్తారండి. అదే చెప్పి ఉంచానండి."

విక్టోరమ్మకు నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు. దోనెలో నవ్వితే ఆయాసం ఎక్కువవుతుంది.

చేవలంకలో పాతిక గడపలు ఉంటాయి. ప్రార్థన చేసుకునే తాటాకు పాకలో అందరూ చేరారు. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక. ఆమె అడిగింది. విశ్వాసం చెప్పాడు. మిగిలినవాళ్లు తలలూపారు. ఏ పూట తీరికని అడిగితే మీ ఇష్టమండి అన్నారు. ఎక్కడ కూర్చుంటారంటే మీరు ఎక్కడంటే అక్కడేనండి అన్నారు. ఆ మర్యాదలోంచి ఒక్క ముక్క నిజం బయటికి లాగాలంటే ఎవరి తరం? ప్రార్థన చేసి ఆమేన్ చెప్పుకుని లేచారు. మగవాళ్లు వలల దగ్గరికి వెళ్లిపోయారు. ఎండ వాలాక దింపుతానని విశ్వాసం కూడా పోయాడు.

ఊరికే కూర్చోవడం విక్టోరమ్మకు చేతకాదు. పాక వెనక ఇద్దరు ఆడవాళ్లు ఎండబెట్టడానికి చేపలు చీల్చుతున్నారు. వెళ్లి వాళ్ల మధ్య ఒక ముక్కాలిపీట మీద కూర్చుని తనూ ఒక కత్తి తీసుకుంది. ఒకామె సుగుణ, సన్నగా పొడుగ్గా ఉంటుంది, ముప్పై దాటి ఉండవు. రెండో ఆమె సీతారత్నం, ఇంకా చిన్నది, కళ్లు పెద్దవి. ఇద్దరి ఇళ్లకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అయినా ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడటం లేదని కాసేపటికి ఆమె కనిపెట్టింది. ఉప్పు కావలసి వస్తే సుగుణ లేచి చుట్టూ తిరిగి వెళ్లి తెచ్చుకుంది. ఉప్పు కుండ సీతారత్నం మోకాలి పక్కనే ఉంది.

విక్టోరమ్మ ఏమీ అడగలేదు. అడగడం మరిచిపోయింది, అసలు సంగతి. చేప చీల్చడం, పేగులు తీయడం, ఉప్పు రాయడం, ఆ పనిలో పడింది. చేతినిండా పొలుసులే. బైబిలు ఎక్కడో పాకలో సంచీలో ఉంది. పొద్దు నడినెత్తికి వస్తుండగా సుగుణ తల ఎత్తకుండానే అంది.

"అమ్మగారండి, ఒకటి చదివి పెడతారాండి?"

"ఏమిటమ్మా? ఉత్తరమా?"

"కాదండి. రండి చూపిత్తాను."

సీతారత్నం కత్తి ఆగింది. వాళ్లు నాలుగడుగులు వేశాక ఆమె కూడా లేచి దూరంగా వెనకే వచ్చింది. విక్టోరమ్మ దారిలో పాకలోకి వెళ్లి చేతులు తుడుచుకుని సంచీ తెచ్చుకుంది. ఎక్కడికి వెళ్లినా సంచీ ఉండాలి, అది అలవాటు.

లంక ఉత్తరపు కొసన దిబ్బ మీద సమాధులు ఉన్నాయి. తాటిదూలం ముక్కలకు అడ్డపట్టె కొట్టి పాతిన సిలువలు. ఒక వరస మాత్రం అన్నీ ఒకేలా ఉన్నాయి. రెండేళ్ల కిందట కలరా వచ్చినప్పుడు పాతినవి. ఆ రోజు మగవాళ్లే మోసుకొచ్చి పాతిపెట్టారు, భయపడి ఆడవాళ్లని రానివ్వలేదు. తరవాత మిషను ఉపదేశిగారు వచ్చి అడ్డపట్టెల మీద తారుతో పేర్లు రాసి, ఇది ఫలానావాళ్లది అని తల్లులకు చదివి వినిపించి వెళ్లారు. ఆ ఏడు కొల్లేరు దిబ్బమీద దాకా వచ్చింది. మరుసటేడూ వచ్చింది. సిలువలు నిలిచాయి గాని పేర్లు నిలవలేదు. ఏది ఎవరిదో పాతిన మగవాళ్లకూ గుర్తులేదు.

సుగుణ ఒక సిలువ ముందు ఆగింది. దాని మొదట్లో వాడిన కలువపూలు ఉన్నాయి.

"ఇది మా రూతుదేనాండి? ఏం రాసుందో చూడండి."

విక్టోరమ్మ వంగి చూసింది. పాచి పట్టి ఎండిపోయిన చెక్క. గోటితో గీకింది. తారు పెచ్చు ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది.

"ఏమీ లేదమ్మా. ఒక్క అక్షరమూ మిగల్లేదు."

"అది మా యోనాగాడిదండి" అంది వెనకనుంచి సీతారత్నం. "కొసనుంచి రెండోదని ఉపదేశిగారు చెప్పారండి. నేను విన్నానండి."

"కొసది గట్టు కూలి నీళ్లలో పోయింది. ఇంక రెండోదేదండి?" అంది సుగుణ. విక్టోరమ్మతోనే అంది, సీతారత్నం మొహం చూడకుండా.

ఇద్దరి బిడ్డలూ ఒకే రోజు పోయారు. రెండేళ్లుగా ఒకే సిలువ దగ్గరికి ఒకామె పొద్దున్న, ఒకామె సాయంత్రం వచ్చి ఏడ్చి వెళుతున్నారు. సమాధుల పండుగ నాడు ఇద్దరూ ఒకేసారి రావలసి వచ్చి, ఇద్దరి పూలూ ఒకే చోట పెట్టి, మాట్లాడకుండా ఇంటికి పోయారు. గోడ ఒకటే అయినా మాటలు ఆగిపోయింది అప్పుడే.

విక్టోరమ్మ పక్క సిలువ వైపు చూసింది. దాని మొదట్లో గడ్డి మొలిచింది. ఒక్క పువ్వు లేదు.

ఆమె చూపు ఎక్కడుందో సుగుణ గమనించింది. "అదేనండమ్మగారూ నా భయం. నా పిల్ల పక్కదాన్లో ఉండి, నేను రెండేళ్లుగా దానికి వీపు పెట్టి కూర్చున్నానేమోనండి." చీరచెంగు నోట్లో కుక్కుకుని నేలమీద కూలబడింది. సీతారత్నం నిలబడే ఏడ్చింది.

ఏదో ఒక వాక్యం చదవాలి. ఇరవై ఏళ్లుగా చేస్తున్నది అదే. ఎవరు ఏడ్చినా ఆమె దగ్గర దానికి తగ్గ వాక్యం సిద్ధంగా ఉండేది. ఈవేళ సంచీలోకి చెయ్యి పోలేదు. కాలవ లాకు పక్కన ఆమెకూ ఒక చిన్న సమాధి ఉండేది. గట్టు వెడల్పు చేసినప్పుడు దానిమీద మట్టి పోసేశారు. ఎక్కడని వెతుక్కోవాలో తెలియక కొన్నాళ్లు గట్టంతా తిరిగి, తరవాత తిరగడం మానేసింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఎవరూ అడగనూ లేదు.

"ఇప్పుడేం చేద్దామంటారమ్మా?" అంది. ఆ వేసవిలో ఆమె నిజంగా అడిగిన ప్రశ్న అదొక్కటే.

సీతారత్నం రెండు సిలువలకేసీ మార్చి మార్చి చూసింది. చివరికి ఆమే అంది. "రెండిటి మీదా రెండు పేర్లూ రాసేయండమ్మగారూ. అక్కా, నువ్వేమంటావు?"

ఇన్నాళ్లకు అక్కా అన్న పిలుపు విని సుగుణ తలెత్తింది. "రాయండి" అంది. "ఏటేటా నీళ్లు తీయగానే మళ్లీ మేవే రాసుకుంటాం. అది నేర్పండి చాలు. మాకు బడంటే అదేనండి."

"మరి పొద్దున్న అడిగితే చెప్పలేదేమమ్మా?"

"బైబిలు పట్టుకుని అడిగితే ఇలాంటిదెలా చెప్తామండి?" అంది సుగుణ, కళ్లు తుడుచుకుంటూ.

సీతారత్నం పరిగెత్తి దోనెలకు పూసే తారు చిప్పతో, కొబ్బరిపీచు చుట్టిన పుల్లతో వచ్చింది. పుల్ల ముంచి విక్టోరమ్మ చేతికిచ్చింది. పుల్ల కొసనుంచి తారు బొట్లుబొట్లుగా గడ్డిమీద పడుతోంది. ఇద్దరూ ఆమె చేతికేసి చూస్తున్నారు.

ఏలూరు బోర్డింగు బళ్లో ఆమె చదివింది రెండేళ్లు. పలకలు మగపిల్లలకే ఇచ్చేవారు. ఆడపిల్లలు వాక్యం చదవగలిగితే చాలు, రాత ఎందుకు, ఎవరికి ఉత్తరాలు రాస్తారు అన్నారు అప్పటి పెద్దలు. అన్నవాళ్లు ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆ మాట మాత్రం ఇంకా ఆమె వేళ్లలో ఉంది. కళ్లజోడు లేదని ఇక్కడ కూడా అనవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు రాయడం రాదమ్మా" అంది.

ఇద్దరూ తెల్లబోయారు. అంత లావు పుస్తకం గడగడా చదివే మనిషికి రాయడం రాదంటే ఎవరు నమ్ముతారు? కాని ఆమె మొహం చూస్తే నమ్మక తప్పలేదు.

"అయితే మీరూ మాలాగేనాండి" అంది సీతారత్నం. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఊరట ఉంది.

ఏం తోచిందో, విక్టోరమ్మ పుల్ల చిప్పలో పెట్టి సంచీ విప్పింది. బైబిల్లో రూతు గ్రంథం తీసింది. పైన పెద్ద అక్షరాలతో పేరు అచ్చువేసి ఉంది. "ఇదిగోనమ్మా మీ పిల్ల పేరు. దీన్ని చూసి అలాగే దించుదాం." రాయి మీద పుస్తకం తెరిచి పెట్టి, గాలికి పేజీ తిరక్కుండా సీతారత్నం పట్టుకుంది. విక్టోరమ్మ మొదటి గీత గీసింది. చుట్టబోయిన సున్న కాస్తా కోడిగుడ్డయింది. పుల్ల ఎటునుంచి మొదలెట్టాలో, ఎక్కడ తిప్పాలో తెలియదు. నుదుటికి చెమట పట్టింది. సగంలో ఉండగా సుగుణ ఆమె చేతిలోంచి మెల్లిగా పుల్ల తీసుకుంది.

"నాకివ్వండి. నా పిల్లది నేను రాత్తాను."

రాసింది. అచ్చులో ఉన్నదానికి పదింతలుంది. వంకరగా ఉంది. కాని ఎవరు చదివినా రూతు అనే చదువుతారు. యోనా గ్రంథం తీస్తే సీతారత్నం వాడి పేరు రాసింది. రెండో సిలువకు వచ్చేసరికి చేతులు కాస్త తిరిగాయి. పేజీ అంచుల మీద తారు మరకలు పడ్డాయి, విక్టోరమ్మ చీర మీద పడ్డాయి. ఆమెకు ఎందుకో బాగా సంతోషంగా ఉంది. అంత సంతోషం ఆమెకు ఈమధ్య ఎప్పుడూ కలగలేదు. పూలు కోసుకొచ్చి రెండింటికీ సమంగా పంచి పెట్టారు. తిరిగి వస్తున్నప్పుడు సుగుణ, సీతారత్నం పక్కపక్కన నడిచారు.

*

విశ్వాసానికి సంగతి అప్పుడే తెలిసిపోయింది. దోనె సగం దూరం వచ్చేదాకా ఊరుకుని, అప్పుడన్నాడు.

"ఆడోళ్లేదో చెప్పారంటగదండి. అయ్యన్నీ అబ్రహాం గారికి చెప్పకండి. సమాధుల మీద పేర్లు రాసుకోడానికి బడెవరిత్తారండి? పై ఊళ్లోళ్లందరూ బైబిలన్నారు. మనం కూడా బైబిలంటేనే మనకి వత్తాది. మీకూ గది కట్టిత్తారంటగా."

అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. విక్టోరమ్మ నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. నిజం చెబితే లంకకు బడి పోవచ్చు. రాసింది ఎవరని అడిగితే తన సంగతి బయటపడి గది పోతుంది. అబద్ధం చెబితే రెండూ దక్కవచ్చు. కాని ఆ బళ్లో కూర్చుని సుగుణకు తను ఏం నేర్పుతుంది?

"ఆ దిబ్బలో నీవాళ్లెవరున్నారు విశ్వాసం?"

గెడ ఒకసారి ఆగింది. "మా అయ్యండి" అన్నాడు. "ఏ సిలువో నాకూ సరిగ్గా తెలవదండి." రేవులో ఆమెను దింపుతున్నప్పుడు, "మీకేది తోత్తే అదే చెప్పండి" అన్నాడు.

రేవునుంచి ఉంగుటూరు వచ్చేసరికి ఆయాసం బాగా ఎక్కువైంది. దారిలో రెండుచోట్ల కూర్చుంది. ఎడమచెయ్యి లాగుతోంది, పుల్ల పట్టుకున్నందుకు అనుకుంది. పుల్ల పట్టుకున్నది కుడిచెయ్యి.

ప్రార్థనమందిరం వరండాలో అబ్రహాం గారు బల్ల వేసుకుని కూర్చున్నారు. సైకిలు గోడకు చేరవేసి ఉంది. పక్కన గోనెపట్టాలో కట్టిన కొత్త పలకలు. ఆమెను చూడగానే లేచి కుర్చీ జరిపారు, మంచినీళ్లు తెప్పించారు.

"చెప్పండి. చేవలంకవాళ్లేమన్నారు?"

"పేర్లు రాయడం నేర్చుకుంటామన్నారండి. చచ్చిపోయినవాళ్ల పేర్లు."

ఆయన కలం ఆగింది. ఆమె మొత్తం చెప్పింది. కలరా సంగతి, ఒక సిలువకు ఇద్దరు తల్లుల సంగతి, పువ్వులేని సిలువ సంగతి. ఆయన అంతా విని, "మీరు రాసిచ్చారా మరి?" అన్నారు.

"లేదండి. నాకు రాయడం రాదండి."

"మరి కళ్లజోడు..."

"కళ్లు బాగానే కనబడతాయండి, అయ్యగారూ."

ఆయనకు కోపం రాలేదు. నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఆ నవ్వుకు సిగ్గుపడ్డారు. అప్పుడు ఆమె మిగిలింది కూడా చెప్పేసింది. "అయిదు పాలేలవాళ్లూ చెప్పింది వాళ్ల మాట కాదండి. నా చంకలో పుస్తకం చూసి చెప్పారు. చేవలంకలో చేపలు చీల్చబట్టి ఈ ముక్క తెలిసింది. మిగతావి మళ్లీ అడగాలండి, ఈసారి ఉత్తిచేతులతో."

అబ్రహాం గారు కలం బల్లమీద పెట్టేశారు. "బడి చేవలంకకే ఇద్దాం" అన్నారు. "నీళ్లు రాకముందే మొదలెట్టాలి. ముందు పేర్లు. పేర్లు వచ్చినవాళ్లు వాక్యం దాకా వాళ్లే నడిచొస్తారు." ఆ పైన కష్టంగా అన్నారు. "కాని విక్టోరమ్మగారూ, పంతులమ్మకి మరి..."

"తెలుసండి. రాయడం వచ్చినామెను పంపండి. గది ఆమెకే ఇవ్వండి."

గది పోయినందుకు ఆమెకు బాధ కలిగింది. కలగలేదంటే అబద్ధం. ఆ తలుపు, ఆ గొళ్లెం ఎన్నిసార్లు మనసులో వేసి తీసిందో. కాని బడి లంకకు వచ్చిందన్న మాట చెవిన పడ్డప్పుడు గుండెలో కలిగిన నిమ్మళం దానికంటే పెద్దది.

"నన్ను కూడా కూర్చోబెట్టుకుంటారాండి? అక్షరాలు దిద్దడానికి?"

అబ్రహాం గారు గోనెపట్టా ముడి విప్పి, పైనున్న పలక తీసి, కొత్త బలపం ఒకటి విరిచి, రెండూ ఆమె చేతిలో పెట్టారు. లోపల సాయంత్రపు ప్రార్థనకు జనం చేరుతుంటే ఆయన లేచి వెళ్లారు.

విక్టోరమ్మ వరండా మెట్టుమీద స్తంభానికి చేరగిలి కూర్చుంది. ఇంకా కాస్త వెలుతురు ఉంది. బైబిలు తీసి ఎస్తేరు గ్రంథం వెతికింది. లాకు దగ్గర కూలిపని చేసిన ఆమె భర్త సీమోనుకు, ఆమెకు పుట్టిన ఒక్క పిల్ల పేరు అది. నాలుగేళ్లు బతికింది. జ్వరంతో పోయింది. సీమోను కూడా ఆ తర్వాత ఎక్కువకాలం లేడు. ఆ పేరు బైబిల్లో ఎన్నోసార్లు చదివింది, పైకి చదివేటప్పుడు గొంతు మారకుండా చదవడం నేర్చుకుంది. చేత్తో మాత్రం ఒక్కసారి రాయలేదు. అచ్చు చూసి మెల్లిగా ఒక్కో అక్షరమే దించింది. మొదటిసారి కుదరలేదు. దాన్ని చెరపబుద్ధి కాలేదు. కింద మళ్లీ రాసింది. దాని కింద మళ్లీ రాసింది. లోపల పాట ఎత్తుకున్నారు. ఆమెకు తెలిసిన పాటే, పెదవులు కదిపింది. చెయ్యి బాగా లాగుతోంది. ఒక్క నిమిషం కళ్లు మూసుకుందామనుకుంది.

ప్రార్థన అయ్యాక అన్నానికి పిలవడానికి అబ్రహాం గారు లాంతరు పట్టుకుని బయటికి వచ్చారు. "విక్టోరమ్మగారూ" అని పిలిచారు. రెండోసారి దగ్గరికి వెళ్లి పిలిచారు. మూడోసారి పిలవలేదు. లాంతరు కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకుని చూసి, అలాగే పక్కన మెట్టుమీద కూర్చుండిపోయారు. లోపల్నుంచి జనం వచ్చారు. మేనల్లుడికి కబురు పంపారు. చేవలంకకు తెల్లవారాక చెప్పవచ్చన్నారు ఎవరో. కాదు, ఇప్పుడే చెప్పాలన్నారు ఆయన.

ఆమెను లోపలికి తీసుకెళ్లాక పలక ఆయన కంట పడింది. లాంతరు వెలుతురులో చదివారు.

"ఎస్తేరు" అన్నారు. "రేపు చదివి వినిపించే పాఠం కాబోలు, అది చూసి దిద్దుకుంటోంది పాపం."

కాబోలనుకున్నారు అందరూ. ఇంకేమైనా అయి ఉండవచ్చని చెప్పగలిగిన మనిషి అక్కడ ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్న విశ్వాసం దోనెలో సుగుణ, సీతారత్నం వచ్చారు. సాయంత్రం అదే దోనెలో గోనెపట్టాలో కట్టిన పలకలు చేవలంకకు వెళ్లాయి. ఈ ఒక్క పలకను తుడవడానికి చెయ్యి రాక అబ్రహాం గారు గోడకు చేర్చి పెట్టారు. దాని మీద ఒకే పేరు మూడుసార్లు ఉంది, చివరిది మొదటిదానికంటే గుండ్రంగా కుదిరింది.